ఏడో వాయి

సాయంత్రం నాలుగింటికి ఏసుపాదాన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఇప్పుడు పదకొండయింది.

విజయవాడ గవర్నర్‌పేటలోని ఆ బిల్డింగు మెట్ల మీద ఆగి, వాచీ చూసుకుని, పాండురంగయ్య ఆ రెండు అంకెలూ మనసులో ఒకసారి అనుకున్నాడు. ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు. ఇన్సూరెన్స్ కంపెనీలో చావు క్లెయిముల విచారణ ఇరవై ఆరేళ్ళు చేశాడు. రిటైరయ్యాక అదే పని సొంతంగా చేసుకుంటున్నాడు. పోయినవాళ్ళు ఎప్పుడు పోయారో, అసలు పోయారో లేదో, నిమిషాలతో సహా రాయడమే ఆయనకి తెలిసిన విద్య.

వెనక మెట్టు మీద అమలమ్మ గొడుగు ముడుస్తోంది. ఏసుపాదం భార్య. నిన్న రాత్రి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది ఆవిడే.

"పొద్దున స్టేషన్లో చూడనిచ్చారా?"

"చూశానండీ. టిఫిను తీసుకెళ్తే ముట్టుకోలేదు. నేనేం చెయ్యలేదే అమలా అంటాడు. అదొక్కటే మాట."

"ఇంకేమన్నా అన్నాడా?"

ఆవిడ గొడుగు నీళ్ళు కారే వైపు చూసింది. "మాస్టారు మైకులో చెప్పబోయిన మాటేంటో ఈయనకి తెలుసంటండీ. పోలీసులకి చెప్పి బయటపడవయ్యా అన్నాను. ముందు ఓనరుగారి చెవిన వెయ్యాలి, పద్నాలుగేళ్ళు ఆయన ఉప్పు తిన్నాను అంటాడు."

"సురేష్ గారికా?"

"ఆయనేగా స్టూడియో ఓనరు."

పాండురంగయ్య ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాడు. కింద గీత కూడా గీశాడు. రాసుకోవడంతో ఆ పని అయిపోయిందనుకున్నాడు.

ఆవిణ్ణి మళ్ళీ స్టేషనుకి పంపించి ఆయన మూడో అంతస్తుకి ఎక్కాడు. స్టూడియో తలుపుకి వేసిన సీలు తీసి ఉంది. లోపల సి.ఐ. సిద్ధార్థ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. ముప్పై నాలుగేళ్ళవాడు. పక్కన ఒక కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు.

"రండి పెద్దాయనా. ఇది యాక్సిడెంటు పాలసీ కాదండోయ్, మర్డరు."

"రెంటికీ టైమే ముఖ్యం సి.ఐ. గారూ."

"టైము నా దగ్గరుంది. అరగంటలో చూసుకుని వెళ్ళిపోండి."

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ మ్యాచ్‌లు తెలుగువాళ్ళకి రెండు ఛానెళ్ళు చూపిస్తున్నాయి. వేదిక స్పోర్ట్స్‌కి చందా కట్టాలి. జనవాణి టీవీ ఉచితం. బొమ్మ విదేశం నుంచి వస్తుంది. తెలుగు మాట మాత్రం రెంటికీ ఈ స్టూడియో నుంచే వెళ్తుంది. మాట్లాడేది వెంకటప్పయ్య. ఉయ్యూరు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. గోల్ అనేవాడు కాదు, "వల ఊగింది" అనేవాడు. జట్టుకి ఎంతమంది ఆడతారో తెలియనివాళ్ళు కూడా ఆ గొంతు కోసం టీవీ పెట్టుకునేవాళ్ళు.

నిన్న బుధవారం. ఉదయం ఆరున్నరకి మ్యాచ్ మొదలైంది. అరవై అయిదో నిమిషంలో, అంటే గడియారం ఏడూ యాభై రెండు చూపిస్తుండగా, మాస్టారి గొంతు ఆగిపోయింది. మ్యాచ్ నడుస్తుండగా మైకు గది తలుపు తీస్తే మాస్టారు ఊరుకునేవాడు కాదు. మ్యాచ్ అయ్యాక ఎనిమిదీ ఇరవై అయిదుకి సౌండు చూసే ఏసుపాదం ఆ తలుపు తీస్తే, ఆయన బల్ల మీద బోర్లా పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. కింద ఇనప మైకు స్టాండు.

స్టూడియోలో ఆ వేళకి ఏసుపాదం తప్ప ఎవరూ లేరు. అరెస్టుకి అంతకంటే ఏం కావాలన్నది సిద్ధార్థ వాదం.

పాండురంగయ్య మైకు గదిలోకి వెళ్ళాడు. బల్ల, టీవీ, మైకు. అద్దానికి అవతల ఏసుపాదం కూర్చునే చోటు. టీవీ మీద వెలుగు పడుతుందని మాస్టారు ఆ అద్దానికి ఎప్పుడూ తెర వేసి ఉంచేవాడు. ఇటువైపు మెట్లమీదికి ఇంకో తలుపు. బల్ల మీద, కుడిచేతికి అందేలా ఒక ఎర్ర స్విచ్చి.

"ఇదేంటో కనుక్కున్నారా?"

"దగ్గొస్తే నొక్కేది. ఎందుకూ?"

"నొక్కి ఉంచినంతసేపూ మైకు మూగ. వేలు తీస్తే మళ్ళీ పలుకుద్ది. నిన్నటి రికార్డు ఒకసారి వెయ్యమనండి."

కానిస్టేబుల్ కంప్యూటర్ నొక్కాడు. చచ్చిపోయిన మనిషి గొంతు గదిలోకి వచ్చింది. బంతి ఎటు పోతుందో చెబుతూ, చెబుతూ ఆగి, "ప్రేక్షకులకు ఒక చిన్న మనవి. రేపటి నుంచి మీరు వినబోయే గొంతు" అంది. టక్‌మని చప్పుడు. ఆ తర్వాత స్టేడియం జనం హోరు తప్ప ఏమీ లేదు.

"రిటైరవుతున్నానని చెప్పబోయాడు. ఏసుపాదం బయట మీట కిందికి దించేశాడు," అన్నాడు సిద్ధార్థ.

"బయట మీట దించితే గొంతు సన్నబడుతూ పోవాలి. ఇది తెగింది. టక్ విన్నారుగా? అది ఈ స్విచ్చి. నొక్కినప్పుడు ఒక టక్, వదిలినప్పుడు ఒక టక్. మనకి ఒకటే వినపడింది."

"అయితే లోపలికొచ్చి నొక్కాడు."

"గొంతు ఆగగానే హైదరాబాద్ నుంచి ఛానెల్ వాళ్ళు ఫోన్ చేశారా లేదా?"

"చేశారు. వెంటనే ఎత్తానంటాడు. నలభై సెకన్లు మాట్లాడి, వాళ్ళు చెప్పాకే మీట దించానంటాడు. అంతా వాడు చెప్పే కబురే."

పాండురంగయ్య కానిస్టేబుల్‌ని పిలిచాడు. "బాబూ, ఈ స్విచ్చి మీద వేలు పెట్టు. నేను ఊఁ అనగానే పరుగెత్తుకెళ్ళి బయట ఫోనెత్తు."

మధ్యలో రెండు తలుపులు. రెంటికీ స్పాంజి కొట్టి ఉంది. ఒకటి మూసుకుంటే గాని రెండోది తెరుచుకోదు. కానిస్టేబుల్ కుర్రాడే, అయినా ఫోనెత్తేసరికి పదకొండు సెకన్లు పట్టింది.

"హైదరాబాద్ వాళ్ళు ప్రతి కాలూ రికార్డు చేస్తారు. తెప్పించండి. పదకొండు సెకన్ల లోపు ఎత్తి ఉంటే, ఏసుపాదం ఫోన్లో మాట్లాడుతున్న ఆ నలభై సెకన్లూ ఈ స్విచ్చి మీద ఇంకొకడి వేలుంది."

సిద్ధార్థ టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇంకొకడంటే? పక్క తలుపు తాళం సురేష్ ఒక్కడి దగ్గరే ఉంది. ఆయన పామర్రులో ఉన్నాడు. పద్మావతమ్మ టిఫిన్ హోటల్లో ఇడ్లీ తింటూ, గొంతు ఆగగానే 'అరెరె, మాస్టారికి ఏమైంది' అని పైకే అన్నాడు. పదకొండు మంది సంతకాలు పెట్టారు."

"టైమెంతని రాయించారు?"

"అరవై అయిదో నిమిషం. మ్యాచ్‌ని మించిన గడియారం ఏముంటుందండీ?"

"టోల్‌గేటు రికార్డు?"

"పామర్రులో ఉన్నవాడికి టోల్‌గేటు ఎందుకు? కరకట్ట మీద కూడా రోడ్డుంది, తెలుసుగా. మీ ఇన్సూరెన్స్ బుర్రకి మనుషుల కంటే కాగితాలే కనపడతాయి పెద్దాయనా."

"మనుషులు అబద్ధం చెబుతారని కాదు. పొరపడతారు. కాగితం పొరపడదు, మనం చూసేదాకా వెయిట్ చేస్తుంది."

"నాలుగింటి దాకా నేనూ వెయిట్ చేస్తా. ఆ తర్వాత మీ క్లయింటు జైలుకి."

పాండురంగయ్య బల్ల కింది సొరుగు లాగాడు. టైపు చేసిన కాగితాలు. 'ఒకటి సున్నా. రెండు సున్నా. ఆదివారం. సోమవారం. ఎడమ కాలితో. కుడి కాలితో.' వందల మాటలు, ఒకదానికొకటి సంబంధం లేకుండా. పక్కన పెన్సిలు టిక్కులు. నాలుగో పేజీ మధ్యలో టిక్కులు ఆగాయి. అక్కడ మాస్టారి చేతిరాత: 'ఇక చదవను.'

"గొంతు సవరించుకోవడానికి చదువుకుంటాడేమో," అన్నాడు సిద్ధార్థ.

గోడకి మ్యాచ్‌ల పట్టిక అంటించి ఉంది. వేదిక కింద ఒక వరస, జనవాణి కింద ఒక వరస. నిన్నటి తేదీకి వేదిక కింద 6.30 అని, జనవాణి కింద 7.30 అని ఉంది.

"ఇదేంటి?"

"రెండు ఛానెళ్ళూ మ్యాచ్‌లు పంచుకున్నాయట. వాళ్ళది వాళ్ళకి, వీళ్ళది వీళ్ళకి."

పాండురంగయ్య తండ్రి నేతపని చేసేవాడు. పోయే ముందు రెండు మగ్గాలూ ఇద్దరు కొడుకులకి పంచాడు. అన్నకి వచ్చిన మగ్గం తమ్ముడిది కాదు. పంచుకోవడమంటే ఆయనకి అదే తెలుసు. కాబట్టి ఆ పట్టికని అక్కడితో వదిలేశాడు. ఆ రోజు ఆయన చేసిన మొదటి తప్పు అది.

పామర్రు బస్సు దిగేసరికి ఒంటిగంటన్నర. వాన వదల్లేదు. హోటల్ ముందు గదిలో బల్లలు ఎత్తి పెట్టి ఉన్నాయి. వెనక వసారాలో పద్మావతమ్మ మర్నాటి పప్పు కడుగుతోంది. అరవై దాటిన మనిషి. ఎడమ మణికట్టుకి గుడ్డ కట్టి ఉంది.

"పోలీసులకి అన్నీ చెప్పారుగా అన్నయ్యగారూ, తిన్నవాళ్ళంతా."

"మీరేం చెప్పారమ్మా?"

"నన్నెవరడిగారు? పొయ్యి దగ్గరుండేదాన్ని. టీవీ కూడా కనపడదు. చెవులకి వినపడుద్ది, అంతే."

"మాస్టారి మాట ఆగినప్పుడు విన్నారా?"

"వినకేం. చెయ్యి కాల్చుకుంది అప్పుడేగా." ఆవిడ గుడ్డ విప్పింది. మణికట్టు మీద బొబ్బ. "ఇడ్లీ వాయి దించి మూత తీస్తున్నా. ఆయనేదో మనవి అంటూ టక్కున ఆగాడు. ఏంటా అని అటు తిరిగా. ఆవిరి కొట్టింది."

"ఎన్నో వాయి?"

"ఏడోది."

"అంత గట్టిగా ఎట్లా చెబుతారు?"

"బాగుంది. ఏడో వాయి బ్యాంకు వాళ్ళది. రోజూ దించగానే కారియర్లో సర్ది పంపుతా. నిన్న చెయ్యి కాలి నాలుగు ఇడ్లీ కిందపడితే, మేనేజరుగారికి నాలుగు తక్కువెళ్ళాయి. కావాలంటే ఆయన్నడగండి, ఇవాళ కూడా అదే సణుగుతున్నాడు."

"పొయ్యి ఎన్నింటికి వెలిగిస్తారు?"

"ఆరు. మొదటి వాయి ఆరూ ఇరవైకి దిగాలి. దిగకపోతే మొదటి బస్సు వాళ్ళు నా మీద పడతారు. ఆ తర్వాత వాయికి పాతిక నిమిషాలు. నలభై ఏళ్ళ నుంచి అదే లెక్క."

పాండురంగయ్య నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకుని కిందికి రాసుకుంటూ పోయాడు. ఆరూ ఇరవై. ఆరూ నలభై అయిదు. ఏడూ పది. ఏడూ ముప్పై అయిదు. ఎనిమిది. ఎనిమిదీ ఇరవై అయిదు. ఎనిమిదీ యాభై.

ఏడో వాయి ఎనిమిదీ యాభైకి. విజయవాడలో గొంతు ఆగింది ఏడూ యాభై రెండుకి.

ఆయన మళ్ళీ లెక్క వేశాడు. అంతే వచ్చింది.

"సురేష్ గారు ఎప్పుడొచ్చారు?"

"ఆయనా? బ్యాంకు కారియరు కడిగి పెట్టాను, అప్పుడు. తడిసొచ్చాడు. మాట ఆగడానికి ఒక్క నిమిషం ముందు. ప్లేటు ముందు పెట్టుకుని టీవీ వైపే చూస్తున్నాడంట, తినడే. సర్వరు అన్నాడు." ఆవిడ పప్పు నీళ్ళు వంచి ఆగింది. "నేనొకటడుగుతా. మాస్టారు పోయారని పేపర్లో వేశారు. మరి పొద్దున మాట్లాడిందెవరు?"

"ఏ పొద్దున?"

"ఇవాళ. వల ఊగింది, వల ఊగింది అని. ఆయనే."

"పాత మ్యాచ్ అయ్యుంటుందమ్మా."

"గురువారం ఉదయం అని చెప్పాడు మొదట్లోనే. ఇవాళ గురువారమేగా?"

స్టూడియోకి సీలు వేశారు. మనిషి మార్చురీలో ఉన్నాడు. గొంతు మాత్రం డ్యూటీకి వచ్చింది.

ఆదివారం, సోమవారం. ఎడమ కాలితో, కుడి కాలితో. ఆ కాగితాలు ఎవరు నేర్చుకోవడానికో ఆయనకి అర్థమైంది. మనిషి కాదు, మెషీను. నాలుగో పేజీలో మాస్టారికి కూడా అర్థమై పెన్సిలు కింద పెట్టేశాడు. అప్పటికే మెషీనుకి కావలసింది అందింది. రేపటి నుంచి మీరు వినబోయే గొంతు నాది కాదు. ఆయన చెప్పబోయిన మనవి అదీ.

ఫోను చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ జేబులో పెట్టాడు. ఇడ్లీ వాయిలు లెక్కపెట్టి ఫోన్ చేస్తే సిద్ధార్థ నవ్వి పెట్టేస్తాడు. గంట తేడా ఎందుకొచ్చిందో తెలియందే రిపోర్టు రాయకూడదు. ఇరవై ఆరేళ్ళ అలవాటు అది.

"ఇక్కడ కేబుల్ ఎవరిది?"

"బాబీది. ఉయ్యూరు వెళ్ళాడు, వైరు తెగిందని. మూడున్నరకి వస్తాడు."

ఆయన అక్కడే కూర్చున్నాడు. ఆ రోజు చేసిన రెండో తప్పు అది.

బాబీకి పేరే చిన్నది. మనిషికి నలభై అయిదేళ్ళు, ముందు జుట్టు లేదు. మూడూ నలభైకి వైరు చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. పాండురంగయ్య అడిగింది విని నవ్వాడు.

"గంట తేడా ఉండదా మరి? జనవాణిది లైవ్ కాదుగా సార్."

"మ్యాచ్‌లు పంచుకున్నారని విన్నాను."

"మ్యాచ్‌లు కాదండీ, వేళలు. మ్యాచ్ ఒకటే. వేదిక వాళ్ళు లైవ్ వేసుకుంటారు. జనవాణి వాళ్ళు అదే బొమ్మ, అదే మాట, కరెక్టుగా గంట తర్వాత వేసుకోవాలి. ఒప్పందం అదీ. కాలవ నీళ్ళ వంతు లాంటిది. ముందు ఎగువోళ్ళకి, తర్వాత దిగువోళ్ళకి. వేదిక ప్యాకేజీ మా ఊళ్ళో ఎవరూ వేయించుకోలేదు. మేం చివరి చేలవాళ్ళం."

"మరి హోటల్లో వాళ్ళంతా లైవ్ అనుకున్నారే?"

బాబీ నవ్వు తగ్గింది. "అది... కొంచెం మన తప్పేనండీ. తెర మీద కుడివైపు పైన, 'గంట కిందట జరిగిన మ్యాచ్' అని వాళ్ళు అక్షరాలు వేస్తారు. ఆ మూల నేను యాడ్ పెడతా. ఆషాఢం తగ్గింపు చీరలది. సరిగ్గా ఆ అక్షరాల మీద కూర్చుంటది. క్రికెట్టయితే గొడవయ్యేది. ఫుట్‌బాల్ స్కోరు ఫోన్లో చూసుకునేవాడు మా ఊళ్ళో ఎవడున్నాడు? మాస్టారి మాట వినడానికేగా."

"అది మూసేశావని ఎవరూ అడగలేదా?"

"ఒక్కాయన అడిగాడండీ. మొదటి వారం. సురేష్ గారు. ఫోన్ చేసి, ఆ అక్షరాలు కనపడకపోతే ఒప్పందం ప్రకారం నా పీక మీదికొస్తది, తియ్యి అని తిట్టాడు. తీస్తాననే అన్నా. తియ్యలా. ఆయనా మళ్ళీ అడగలా."

"ఇవాళ పొద్దున వచ్చిన గొంతు?"

"నేనూ విని జడుసుకున్నా. ఛానెల్ వాళ్ళకి ఫోన్ చేస్తే, ఆడియో సురేష్ గారి ఇంటి నుంచి వచ్చింది, ఆయన్నే అడగండి అన్నారు."

ఇంక అడగాల్సింది లేదు. ఏడూ యాభై రెండుకి మైకు ముందు మాస్టారి మాట ఆపిన మనిషి, అదే మాట ఎనిమిదీ యాభై రెండుకి ముప్పై మూడు కిలోమీటర్ల అవతల మళ్ళీ ఆగుతుందని తెలిసి, దాన్ని పదకొండు మంది మధ్య కూర్చుని వినడానికి వానలో కారు తోలుకొచ్చాడు. ఏడవడానికి కూడా సమయం చూసుకున్నాడు.

మూడూ యాభై ఎనిమిదికి పాండురంగయ్య సిద్ధార్థకి ఫోన్ చేశాడు. గోడకి ఆనుకుని, వాయిలు, వంతు, చీరల యాడ్, వరసగా చెప్పాడు. అవతల నవ్వు వినిపించలేదు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"టోల్‌గేటు రికార్డు తెప్పించండి. ఎనిమిదిన్నర ప్రాంతంలో ఆయన కారు ఇటు వస్తూ కనపడాలి. ఏసుపాదాన్ని కోర్టుకి తీసుకెళ్ళకండి."

"తీసుకెళ్ళట్లేదండీ." సిద్ధార్థ గొంతులో పొద్దుటి వెటకారం లేదు. "మీరు చెప్పిన హైదరాబాద్ రికార్డు రెండున్నరకే వచ్చింది. నాలుగు సెకన్లలో ఫోనెత్తాడు. మీరు చెప్పింది కరెక్టు. పైవాళ్ళతో మాట్లాడి వదిలేశాను."

పాండురంగయ్య ఊపిరి వదిలాడు. "ఇంటికెళ్ళాడా?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"వాళ్ళ ఓనరొచ్చాడు పాండురంగయ్యగారూ. సురేషే. పాపం, మా మనిషి, నేను దింపుతానన్నాడు. భార్యకి ఆటో తనే మాట్లాడి ముందు పంపించాడు. ఏసుపాదం ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి, మీకొక మాట చెప్పాలండీ అంటూ కారెక్కాడు. నేను చూస్తూనే ఉన్నాను."

పాండురంగయ్య చేతిలో నోటుబుక్కు తెరిచే ఉంది. మొదటి పేజీ. 'ఓనరుకే చెబుతాడు.' కింద గీత.

"ఎంతసేపయింది?"



"గంట," అన్నాడు సిద్ధార్థ.